సున్నపు కొండలకి వెళ్లేముందు అత్తగారి మోకాళ్లని అడగండి

ఈ నెల ప్రయాణాల పేజీకి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొండలూ గుహల గురించే. ఒకరు వియత్నాం అన్నారు, ఒకరు బొర్రా అన్నారు, ఇంకొకరు బెలుం. అన్నిటిలోనూ ఉన్నది ఒకటే రాయి, సున్నపురాయి, కాబట్టి నాలుగు ఉత్తరాల్ని కలిపి ఒకేచోట వేస్తున్నాను. కొన్ని ఉత్తరాలు పొడుగు ఎక్కువై కాస్త కత్తిరించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నమస్కారమండీ. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, మావారిది కొబ్బరి వ్యాపారం. మా పెళ్లయి 25 ఏళ్లయిందని పిల్లలు వియత్నాం తీసుకెళ్తామంటున్నారు. సముద్రంలోంచి లేచిన కొండలు, హాలాంగ్ బే అట, ఫోన్లో వీడియోలు చూపించారు. మొత్తం ఆరుగురం వెళ్తాం. అందులో మా అత్తగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, పైగా ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. మా మరిదేమో "పాపికొండలు చూసినోళ్లకి అదేం గొప్ప వదినా, దానికి లక్షలు పొయ్యాలా" అని ఎగతాళి చేస్తున్నాడు. కార్తీకంలో వెళ్దామనుకుంటున్నాం. ఎన్ని రోజులు పెట్టుకోవాలి? అత్తగారిని తీసుకెళ్లొచ్చా?

జవాబు: ముందు మీ మరిదిగారి సంగతి చూద్దాం. ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. పడవలో కూర్చుని, చేతిలో టీ గ్లాసు పట్టుకుని, రెండు పక్కలా కొండలు కదిలిపోతుంటే చూడ్డమే మీకు కావాల్సిందైతే పాపికొండలు చాలు, ఆ డబ్బుతో ఇంటికి ఫ్రిజ్ కొనుక్కోవచ్చు. మిగతా సగం మాత్రం తప్పు. పాపికొండల్లో కొండల వరసని గోదావరి కోసుకుని వస్తుంది, మనం రెండు గోడల మధ్య సందులో పోతున్నట్టుంటుంది. హాలాంగ్‌లో గోడ అనేది లేదు. సముద్రంలో ఎవరో కొండల్ని ఒక్కొక్కటీ విడివిడిగా నాటినట్టు దాదాపు రెండు వేల దీవులు ఉంటాయి, చాలావాటి మీద మనిషి కాలు పెట్టే చోటు కూడా ఉండదు, నిలువుగా రాయి, పైన పచ్చటి టోపీ. పడవ ఒక దీవి పక్కనుంచి తిరగగానే వెనక ఇంకో నాలుగు కనబడతాయి, అవి దాటితే ఇంకో పది. హాలాంగ్ అంటే దిగివస్తున్న డ్రాగన్ అని అర్థం. యునెస్కో 1994లోనే దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. ఉత్తర వియత్నాంలో మే నుంచి సెప్టెంబరు దాకా ఎండలూ వానలూ కలిసి ఉంటాయి, జులై నుంచి తుపానుల బెడద. 2024 సెప్టెంబరులో యాగి తుపాను నేరుగా ఆ తీరానికే కొట్టింది, పడవలు మునిగిపోయాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలి, పొగమంచు, బూడిదలాంటి సన్నటి తుంపర. కొండలు కనబడతాయి గానీ వీడియోలో చూసిన నీలం రంగు కనబడదు. హాయిగా ఉండేది అక్టోబరు, నవంబరు నెలల్లో, తర్వాత చెప్పుకోవాలంటే ఏప్రిల్. అంటే మీరనుకున్న కార్తీకం అక్కడి వాతావరణానికి అచ్చంగా సరిపోతుంది. కాకపోతే అత్తగారు కార్తీకంలో గోదావరి స్నానం, సోమవారం ఉపవాసం, గుళ్లో దీపం వదులుకుని విమానం ఎక్కుతారా? ఈ ప్రశ్న ఆవిణ్ణి ఇంకా ఎవరూ అడిగి ఉండరని నా అనుమానం. అడగండి. ఆవిడ కుదరదంటే దసరా వెళ్లగానే బయల్దేరి దీపావళికి తిరిగొచ్చెయ్యండి. అప్పటికి అక్కడ వానలు తగ్గుముఖం పడతాయి, మన దగ్గర తుపాను పడితే మాత్రం చెప్పలేం, కాబట్టి రాజమండ్రి దగ్గరి మధురపూడిలో విమానం ఎక్కి హైదరాబాదులో అదే రోజు రాత్రి అంతర్జాతీయ విమానం పట్టుకునేలా టికెట్లు తీసుకోవద్దు, ఒక రోజు ముందే హైదరాబాదు చేరండి. జనవరి చివర్లోగానీ ఫిబ్రవరిలోగానీ వాళ్ల కొత్త సంవత్సరం టెట్ వస్తుంది, ఆ వారం జోలికి పోవద్దు. దుకాణాలు మూసేస్తారు, బస్సులు దొరకవు, సంక్రాంతికి మన ఊళ్లకి బస్సు దొరకనట్టే.

ఇప్పుడు అసలు మాట. మీ ఇంట్లో ఆరుగురిలో అత్తగారు ఒక్కరి మోకాళ్ల ప్రకారం ప్లాను వేస్తే ఆరుగురూ సుఖపడతారు, పిల్లల ఫోన్ల ప్రకారం వేస్తే ఆవిడతోపాటు అందరూ ఇబ్బంది పడతారు. అందుకే నేనైతే హాలాంగ్ కన్నా ముందు నిన్ బిన్ పెడతాను. వాళ్ల రాజధాని హనోయ్‌కి దక్షిణంగా వంద కిలోమీటర్ల లోపు, కారులో రెండు గంటలు. అవే సున్నపు కొండలు, కాకపోతే సముద్రంలో కాదు, వరి చేలల్లో. నేల మీది హాలాంగ్ అంటారు. అక్కడ తామ్ కాక్ అని ఒకచోట చిన్న పడవల్లో తీసుకెళ్తారు, నడిపేవాళ్లు తెడ్లని కాళ్లతో తోస్తారు, వెనక్కి వాలి కూర్చుని సైకిలు తొక్కినట్టు. కొండ కింద నుంచి పోయే మూడు గుహల్లోంచి పడవ వెళ్లి తిరిగి వస్తుంది, ఎక్కడా దిగక్కర్లేదు. ఆవిడకి కష్టమల్లా పడవలోకి దిగే ఆ ఒక్క అడుగే, అది ఊగుతుంది, అటూ ఇటూ ఇద్దరు పట్టుకోండి. ట్రాంగ్ ఆన్ అని ఇంకోటుంది, 2014లో యునెస్కో జాబితాలో చేరింది. అందం దానిదే ఎక్కువ, కానీ మూడు గంటలు పడుతుంది, కొన్ని గుహల్లో పైకప్పు తలకి తగిలేంత కిందకి ఉంటుంది, నడుం వంచి కూర్చోవాలి. మధ్యలో గుళ్ల దగ్గర దిగితే మెట్లు. పిల్లల్ని ట్రాంగ్ ఆన్‌కి పంపి మీరూ అత్తగారూ తామ్ కాక్ చూడండి. హాంగ్ మువా అని వ్యూపాయింట్ ఉంది, దాదాపు 500 మెట్లు, ఆవిడకి ఆ పేరు కూడా చెప్పొద్దు. చూడాలని పట్టుపడతారు.

అక్కడి వరి మే నెలాఖరుకి పండి బంగారం రంగులో ఉంటుంది, ఫోటోలన్నీ అప్పటివే. వరి చేలు చూడ్డానికి కోనసీమ వాళ్లు విమానం ఎక్కడమేంటని మీ మరిది అంటే నా దగ్గర కూడా జవాబు లేదు.

హాలాంగ్‌కి హనోయ్ నుంచి 160 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసే ప్యాకేజీలు చవక, కానీ రోడ్డు మీద అయిదు గంటలు, నీళ్ల మీద నాలుగైదు గంటలు. నేను మొదటిసారి అలాగే వెళ్లాను. ఏజెంటు ఫోటోలో చూపించిన పడవ ఒకటి, రేవులో ఎక్కించింది ఇంకొకటి, కిటికీ పక్కన చోటు దొరక్క రెండు గంటలు ఎవరిదో వీపు చూస్తూ కూర్చున్నాను. రెండోసారి ఒక రాత్రి పడవలోనే పడుకునేది తీసుకున్నాం. తెల్లవారుజామున జనం లేచేలోపు డెక్ మీదకి వెళ్తే నీళ్లలో అల లేదు, కొండ నీడ కొండంతా ఉంది. డబ్బు ఎక్కువైనా అదే తీసుకోండి. పడవ పేరు, గది నంబరు రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు కట్టండి. మధ్యలో సుంగ్ సొట్ అని పెద్ద గుహ చూపిస్తారు, బోలెడు మెట్లు ఎక్కాలి, అత్తగారు పడవలోనే ఉండిపోవచ్చు.

ఇంకో సంగతి. గాలి ఎక్కువగా ఉంటే రేవు అధికారులు పడవల్ని ఆపేస్తారు. ఆపేస్తే గొడవ పడొద్దు. 2025 జులైలో హాలాంగ్‌లోనే ఉన్నట్టుండి వచ్చిన గాలివానకి పర్యాటకుల పడవ తిరగబడి పదుల సంఖ్యలో చనిపోయారు. కచ్చులూరు దగ్గర గోదావరిలో 2019 సెప్టెంబరులో జరిగిన పడవ ప్రమాదం మనవాళ్లెవరూ మర్చిపోలేదు. ఎక్కగానే లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూసుకోండి, అత్తగారికి ఊపిరాడట్లేదన్నా సరే చిన్న పడవలో విప్పనివ్వొద్దు. మీ ప్లానులో ఒక రోజు ఖాళీగా ఉంటే పడవ ఆగినా టెన్షన్ ఉండదు. నిన్ బిన్‌లో రెండు రాత్రులు, హాలాంగ్‌లో ఒకటి, హనోయ్‌లో రెండు, ఒకటి ఖాళీ. ప్రయాణాలతో కలిపి ఎనిమిది రోజులు. దీనికి మధ్యలో ఇంకో ఊరు, దనాంగ్ కూడా అని పిల్లలు అంటారు, ఒప్పుకోవద్దు.

తిండి గురించి భయపడుతున్నట్టున్నారు గానీ ఉపాయం ఉంది. అక్కడ చాయ్ అంటే టీ కాదు, శాకాహారం. ఆ మాట బోర్డు మీద ఉన్న హోటలు వెతకండి. బౌద్ధులు నడిపే వాటిల్లో చాలామటుకు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు, పౌర్ణమికీ అమావాస్యకీ వాళ్లలో చాలామంది శాకాహారమే తింటారు. మామూలు హోటల్లో మాత్రం కూరగాయలే కదా అని నమ్మొద్దు, చేపల సాస్ చుక్క వెయ్యందే వాళ్లకి వంట కానట్టే. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి పులిహోర పొడి, కంది పొడి, అటుకులు తీసుకెళ్తే ఆవిడకి గడిచిపోతుంది. ఊరగాయ సీసా చెకిన్ పెట్టెలో పెట్టండి, చేతిసంచిలో ఉంటే ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. ఆత్రేయపురం పూతరేకులు నలిగిపోతాయి, అయినా తీసుకెళ్లండి.

వీసా ఆన్‌లైన్లోనే వస్తుంది, ఒక్కసారి వెళ్లి రావడానికి 25 డాలర్లు, ప్రభుత్వ వెబ్‌సైటులో మాత్రమే కట్టండి, దానిలా కనిపించే ప్రైవేటు సైట్లు రెండు మూడు రెట్లు గుంజుతాయి. మన ఇంటిపేర్లతోనే తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో ఉందో, వీసా ఫారంలో కూడా అక్షరం పొల్లు పోకుండా అలాగే నింపండి. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలు ఉండాలి. డబ్బు దగ్గర రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు, కాబట్టి అందరూ లక్షాధికారులే, కానీ ఇరవై వేల నోటూ అయిదు లక్షల నోటూ రెండూ నీలం రంగే. చీకట్లో టాక్సీవాడికి ఇచ్చేటప్పుడు సున్నాలు లెక్కపెట్టండి.

ప్రశ్న: ఆయ్, మాది భీమవరం దగ్గర. రొయ్యల చెరువులండి. చెరువుకి బస్తాలకి బస్తాలు సున్నం కొట్టిస్తుంటాను. ఆ వియత్నాం కొండలన్నీ సున్నపురాయేనని మా అమ్మాయి చెప్పింది. నీళ్లలో కరిగే రాయైతే సముద్రంలో కొండలా ఎలా నిలబడిందండి? మన పాపికొండలూ అదే రాయా?

జవాబు: మీరు చెరువు గట్టు మీద నుంచే సగం జవాబు చూసేశారు. తెల్లవారుజామున పిహెచ్ ఎందుకు చూసుకుంటారు? రాత్రంతా రొయ్యలూ, నీళ్లలోని నాచూ ఊపిరి వదిలితే కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి ఆమ్లం అవుతుంది, అందుకని పొద్దున్నే పిహెచ్ తక్కువ చూపిస్తుంది. కొండ మీద జరిగేదీ అదే. వాన నీరు గాలిలోంచి కొంచెం, మట్టిలో వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే దాన్లోంచి చాలా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని బీటల్లోకి దిగుతుంది. ఉత్త నీళ్లకి సున్నపురాయి లొంగదు, మీరు చల్లే రాతి పొడి చెరువు అడుగున ఎన్నాళ్లు తెల్లగా కనబడుతుందో మీకు తెలుసు. ఈ పుల్లటి నీళ్లకి మాత్రం లొంగుతుంది. బీట వెడల్పై సందు అవుతుంది, సందు లోయ అవుతుంది, నీరు దిగని చోట రాయి స్తంభంలా మిగిలిపోతుంది. అంటే మనం చూసే కొండ కరగకుండా మిగిలిన ముక్క. వేడీ వానా చెట్టూ మూడూ బాగా ఉన్న దేశం కాబట్టి అక్కడ ఈ పని జోరుగా సాగింది, రాయి మందం కూడా వెయ్యి మీటర్లకి పైనే.

సముద్రం తర్వాత వచ్చింది. మంచుయుగం చివర్లో మంచు కరిగి సముద్రమట్టం లేచినప్పుడు ఆ లోయల్లోకి నీళ్లు వచ్చాయి, కొండల కొసలు దీవులయ్యాయి. దీవి మొదలు చుట్టూ నీటి మట్టం దగ్గర రాయి లోపలికి గాడిలా తినేసి ఉంటుంది, వెళ్తే చూడండి. నిన్ బిన్‌లో వరి చేల మధ్య కొండలకి కూడా అలాంటి గాడి ఉంది, ఒకప్పుడు అక్కడిదాకా సముద్రం వచ్చిందనడానికి అదే సాక్ష్యం.

గుహల్లో వేలాడే రాళ్ల సంగతి మీ వంటింట్లోనే ఉంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది కదా, కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతే కరిగిన సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. గుహ కప్పు నుంచి చుక్క పడేటప్పుడు కూడా అంతే, చుక్కకి చుక్కకి కంటికి కనపడనంత. చాలాచోట్ల ఏడాదికి ఒక మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే గొప్ప. అందుకే దాన్ని చేత్తో ముట్టుకోవద్దంటారు, చేతి జిడ్డు అంటిన చోట నీరు జారిపోయి రాయి పెరగడం ఆగిపోతుంది.

పాపికొండలు సున్నపురాయి కాదు. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే ఖొండలైటు రాయి, అది ఇలా కరగదు. అందుకే అక్కడ హాలాంగ్‌లాంటి స్తంభాలుండవు. ఇక మన డెల్టాలో అయితే కొండ మాట దేవుడెరుగు, గులకరాయి కావాలన్నా రాజమండ్రి అవతల క్వారీల నుంచి లారీలో రావాలి. మన కాళ్ల కింద ఉన్నదంతా గోదారమ్మ మోసుకొచ్చిన ఒండ్రే.

ప్రశ్న: నేను పాలకొల్లు దగ్గర ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్ని. 8, 9 తరగతుల పిల్లలు 40 మందిని నవంబరులో బొర్రా గుహలకి తీసుకెళ్దామని. ఒక్క రోజులో బొర్రా, అరకు, విశాఖ బీచ్ అన్నీ అయిపోతాయని బస్సు ఓనరు అంటున్నారు. నిజమేనా మాస్టారూ?

జవాబు: అవుతాయి, బస్సు కిటికీలోంచి. పిల్లలు ఇంటికొచ్చి వాంతులు తప్ప ఏమీ చెప్పరు. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది, మన పిల్లలు కాలవ గట్టు మీద తప్ప మలుపు చూడనివాళ్లు, ఖాళీ కడుపుతోనూ నిండు కడుపుతోనూ తీసుకెళ్లొద్దు.

నా మాట వింటే రాత్రి విశాఖ చేరి పడుకుని, పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కించండి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేసిన ఆ లైనే ఒక పాఠం, సొరంగం తర్వాత సొరంగం, వంతెన తర్వాత వంతెన. పిల్లలు ప్రతి సొరంగంలోనూ అరుస్తారు, అరవనివ్వండి. బొర్రా గుహలు స్టేషన్లో దిగితే గుహ దగ్గరే. రైలు పట్టాలు ఆ గుహ పైనుంచే పోతాయి, లోపల నిలబడి ఈ మాట చెప్తే నలభై మందీ ఒక్కసారి పైకి చూస్తారు. 40 టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి, బస్సుని ఖాళీగా బొర్రాకి పంపి తిరుగు ప్రయాణానికి వాడుకోండి.

గుహలో మెట్లు ఎక్కువ, తడి, జారతాయి. చెప్పులు కాదు, బూట్లు. పదిమందికి ఒక టీచరు. లోపల రంగురంగుల లైట్లు వేశారు, నాకు అవి నచ్చవు, ఎరుపూ ఆకుపచ్చా పడితే రాయి అసలు రంగు ఏంటో తెలీదు, ఒక టార్చి తీసుకెళ్లి తెల్లటి వెలుగులో చూపించండి. ఆవు పైనున్న కన్నంలోంచి లోపల పడితే కాపరి వెతుక్కుంటూ దిగి శివలింగం చూశాడన్న కథ అక్కడి గిరిజనులు చెప్తారు. బొర్రా అంటే ఒడియాలో కన్నం. పక్కనే పారే గోస్తనీ నదిని చూపించి, ఇదే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని చెప్పండి, సోషల్ పీరియడ్ అక్కడే అయిపోతుంది. కోతులున్నాయి, బిస్కెట్ ప్యాకెట్లు సంచిలోనే ఉండాలి. నవంబరు ఆదివారాలు కార్తీక వనభోజనాల జనంతో కిక్కిరిసిపోతుంది, మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. అరకు వద్దు. మళ్లీ ఇంకో ఏడాది.

ప్రశ్న: వేసవి సెలవుల్లో, మే నెలలో, అమలాపురం నుంచి బెలుం గుహలకి కారులో వెళ్లొచ్చా? మా నాన్నగారికి ఆయాసం ఉంది.

జవాబు: మేలో వద్దు, నాన్నగారితో అయితే అసలు వద్దు. బెలుం ఉన్న కొలిమిగుండ్ల దగ్గర బయట ఎండ మాడిపోతుంది, లోపల చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు గానీ ఉక్క, చెమట. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిప్పేది ఒకటిన్నర కిలోమీటర్ల దాకా. లోపలికి గాలి పంపిస్తారు గానీ కొన్ని చోట్ల వంగి నడవాలి, అన్నిటికన్నా లోతున్న పాతాళగంగ దగ్గరికి దిగితే మళ్లీ ఎక్కాలి. 2002లో జనానికి తెరిచారు, అంతకు ముందు 1980ల్లో జర్మన్ల బృందం లోపలంతా కొలిచింది, అదొక పెద్ద కథ. బొర్రాలా ఒక్కసారిగా పెద్ద హాలు కనబడదు, సందులు సందులుగా పోతుంది, నేల నల్లటి సున్నపురాయి. తట్టితే మోగే రాళ్లున్న సప్తస్వరాల గుహ పిల్లలకి బాగా నచ్చుతుంది.

డిసెంబరు, జనవరిల్లో వెళ్లండి. గుంటూరు మీదుగా నంద్యాల చేరి రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు పొద్దున బెలుం, సాయంత్రం యాగంటి చూసుకుని రండి. మీరు గుహలోకి వెళ్లినంతసేపూ నాన్నగారికి బయట నీడలో కుర్చీ, ఫ్లాస్కులో కాఫీ, ఇన్‌హేలరు, తోడుగా ఒక మనిషి ఉండేలా చూడండి. యాగంటిలో కోనేరు చూసి ఆయన కూడా సంతోషిస్తారు.